ఆదివారం కూడా ఏడే

బైండింగ్ మేస్త్రి ముప్పై ఏళ్లుగా పుస్తకాలు కుడుతున్నాడు. చదివింది మాత్రం ఒక్కటీ లేదు. చదువు రాక కాదు. ఒక్కసారి చదవడం మొదలుపెడితే పని సాగదని ఆయన లెక్క. పేజీ మూలన ఉన్న అంకె చూస్తాడు, వరుస సరిపోయిందా లేదా అంతే. లోపల రాజుగారి పెళ్లి జరుగుతున్నా, రాజ్యం తగలబడుతున్నా ఆయనకు ఒకటే.

ఆయన బావమరిది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆవిరి లాండ్రీలో బాయిలర్ దగ్గర పని అతనిది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, ఆవిరి ఇస్త్రీ చేసే చోటు. పొద్దున నిప్పు వేసి, గోడకు ఆనుకుని కూర్చుని దెయ్యాల నవలలు చదవడం మొదలుపెడితే సాయంత్రం దాకా అదే లోకం. అక్కడ పనిచేసే ఆడవాళ్లంతా అతన్ని దెయ్యాల మామయ్య అంటారు. గోడకు అవతల ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడేది మేస్త్రి కూతురే. మేనమామే కదా అని ఆ పని ఇప్పించింది కూడా అతనే.

శనివారం సాయంత్రం కూతురు పని నుంచి వస్తూ రెండు పుస్తకాలు తెచ్చింది. ఒకటి అట్ట ఊడిన నవల. రెండోది వీపు చిట్లిన బాయిలర్ రిజిస్టరు. రోజుకొక పేజీ, గంటగంటకూ ఆవిరి ఒత్తిడి ముల్లు ఎంత చూపిస్తోందో అందులో రాయాలి.

"రెండూ సోమవారం పొద్దునకి కావాలంట నాన్నా. నవల మాత్రం చదివి కుట్టమన్నాడు మావయ్య. నువ్వు భయపడకపోతే సగం మీసం గీయించుకుంటాడంట."

"ఉన్నదే సగం మీసం వాడికి," అన్నాడు మేస్త్రి. "రిజిస్టరుకేం రోగం?"

"నడుం కింద పెట్టుకుని కూర్చుంటాడు మరి. అన్నీ ఏడు, ఏడు అనే రాస్తాడంట నాన్నా. ఎప్పుడో అందర్నీ ఏడిపిస్తాడని మా బల్ల దగ్గర నవ్వుకుంటాం."

ఆదివారం పొద్దున మేస్త్రి పందెం కోసం నవల పట్టుకున్నాడు. పాడుబడ్డ మేడ, తనంత తానే తెరుచుకునే తలుపు, నూతిలోంచి పిలుపు. ముప్పై పేజీలు చదివాడు. ఆవులింత వచ్చింది. తలుపు కీచుమంటే రెండు చుక్కల నూనె వేస్తే పోయేదానికి ఇంత కథెందుకని అట్ట అతికించి బరువు కింద పెట్టేశాడు. కాగితం, బంక, దారం. ఇందులో భయపడేందుకు ఏముంది?

రిజిస్టరు తీశాడు. పాత దారం తెంపి, పేజీలు విడదీసి, అలవాటు ప్రకారం మూలన తేదీలు చూసుకుంటూ పోయాడు. పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను. వరుస బాగానే ఉంది. ఇరవై దగ్గర చెయ్యి ఆగింది.

ఈ రోజు పదమూడే కదా.

ముప్పై ఏళ్లలో మొదటిసారి పేజీ మూల వదిలి మధ్యలోకి చూశాడు. ఇరవయ్యో తేదీ, ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా, పన్నెండు వరుసలు. ప్రతి వరుసలో ఏడు. పక్కన, ఆవిరి ఎక్కువైతే తెరుచుకునే మూత సంగతి: 'సరిగా ఉంది'. కింద బావమరిది సంతకం. ఇరవయ్యో తేదీ ఆదివారం, లాండ్రీకి సెలవు. పేజీలు వెనక్కి తిప్పాడు. ఈ రోజు పేజీ కూడా నిండే ఉంది. సాయంత్రం ఆరు గంటలకు ఏడు. గోడ గడియారంలో పదిన్నర.

మేస్త్రి పేజీలన్నీ గుడ్డలో చుట్టుకుని, చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా బావమరిది ఇంటికి నడిచాడు.

అతను వాకిట్లో గడ్డం గీసుకుంటున్నాడు. బావను చూసి నవ్వాడు.

"మీసం కోసం వచ్చావా బావా? భయం వేసిందా లేదా ముందు చెప్పు."

మేస్త్రి ఇరవయ్యో తేదీ పేజీ అతని ముందు పెట్టాడు. బావమరిది ముఖాన నురగ అలాగే ఉంది.

"నువ్వు మూల తప్ప చూడవని పంపాను బావా. నెలకొకసారి కూర్చుని రాసేస్తాను. ఎప్పుడు చూసినా ఏడే. గంటగంటకూ లేస్తే కథ తెగిపోతోంది."

"ఆఖరుసారి ముల్లు ఎప్పుడు చూశావురా?"

"అది ఎక్కడికి పోతుంది బావా? పద, నీ అనుమానం తీరుస్తాను. ఏడు లేకపోతే మీసం మొత్తం తీసుకో."

బాయిలర్ గది తాళం అతని మొలతాడుకే ఉంటుంది. సెలవు రోజు కాబట్టి లోపల చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. నిప్పు నిన్న సాయంత్రమే ఆర్పేశారు. పొయ్యిలో బూడిద. మేస్త్రి ఆ ఇనుప పొట్ట మీద అరచెయ్యి ఆనించాడు. కుండలో నీళ్లంత చల్లగా ఉంది.

బావమరిది తల ఎత్తి పైన గుండ్రటి అద్దం చూశాడు.

"చూశావా, ఏడే," అన్నాడు.

అన్నాక నోరు మూతపడలేదు.

నిప్పు లేదు, ఆవిరి లేదు. ముల్లు ఏడు దగ్గర నిలబడి ఉంది. మేస్త్రి వేలితో అద్దం మీద కొట్టాడు. గట్టిగా కొట్టాడు. కదల్లేదు. పక్కన మూత పిడి పట్టుకుని పైకి లాగాడు. చేతికి తుప్పు అంటింది తప్ప అది లేవలేదు. ఇద్దరూ కలిసి లాగారు. లేవలేదు.

అవతల గోడకున్న చిన్న కిటికీలోంచి ఇస్త్రీ బల్లలు కనిపిస్తున్నాయి. మొదటి బల్ల మీద మేస్త్రి కూతురు మర్చిపోయిన తల రుమాలు మడతపెట్టి ఉంది. బల్లకూ బాయిలర్‌కూ మధ్య పది అడుగులు, ఒక ఇటుక గోడ.

బావమరిది బూడిద పక్కన కూలబడ్డాడు. ముఖాన నురగ ఎండి అట్టకట్టింది.

"ఎన్నాళ్లనుంచి బావా?"

"నువ్వే రాశావుగా. చదువు."

అతను పేజీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. ఏడు. ఏడు. ఏడు. ఏ పేజీలోనూ జవాబు లేదు. ఎక్కడ ముల్లు చూసి రాశాడో, ఎక్కడ చూడకుండా రాశాడో అతనికే తెలియదు.

"అమ్మాయి..." అని ఆగిపోయాడు.

"రేపు నిప్పు వెయ్యకు. నేనే వచ్చి యజమానితో మాట్లాడతాను. ముల్లూ మూతా మార్చేదాకా ఒక్క మనిషి లోపలికి రాకూడదు," అన్నాడు మేస్త్రి. తుప్పు చెయ్యి గుడ్డకు తుడుచుకుంటూ, "మీసం ఉంచుకో. పందెం నువ్వే గెలిచావు," అన్నాడు.

బావమరిది జేబులోంచి కలం తీశాడు. పదమూడో తేదీ పేజీ మోకాలి మీద పెట్టుకున్నాడు. పదకొండు గంటల వరుస వెతికాడు. అక్కడ ఏడు ముందే ఉంది.

"ఏం రాయను బావా?"

"కొట్టేసి సున్నా రాయి."

రాస్తూ అలవాటు కొద్దీ తల ఎత్తి ముల్లు వైపు చూశాడు. చూసి, చటుక్కున కళ్లు దించుకున్నాడు.