కొల్లేటి గరుడుడూ, నా గాజుకళ్లూ

నేను ఒక దుర్భిణిని. పుట్టింది అంబాలాలో, ఒక ఇరుకు కార్ఖానాలో. మొదట గుర్రప్పందేల పిచ్చి ఉన్న ఒక ప్లీడరుగారి మెడలో వేలాడాను. ఆయన పోయాక పాతసామాన్ల అంగడికి చేరితే, ఏలూరులో జీవశాస్త్రం చెప్పే సుభాషిణి టీచరుగారు ఏరికోరి ఇంటికి తెచ్చుకున్నారు. అప్పటికే నా ఎడమకంటికి బూజు పట్టింది. ఆవిడకూ ఎడమకన్ను పోయింది. ఈడూ జోడూ కుదిరిందనుకున్నాను.

కుడికన్ను కూడా వేసవిదాకా ఆగదని డాక్టరు చెప్పేశాడు. ముప్పై ఏళ్లు బోర్డు మీద గరుడపక్షి బొమ్మ గీసిన మనిషి, చూపుండగానే ఒక్కసారి దాన్ని దగ్గరగా చూడాలని పట్టుబట్టారు. పుష్యమాసంలో ఒక ఉదయం భర్త సాంబమూర్తిగారు ఆవిణ్ణి కొల్లేటికి తీసుకొచ్చారు. ముందు తాను వెతికిపెడతానని నన్ను మెడలో వేసుకున్నారు.

దోనె కదిలింది. నీళ్లెక్కడో ఆకాశమెక్కడో తెలియని మంచు. దోనె నడిపే ఏడుకొండలు గడ వేస్తున్న చప్పుడు తప్ప లోకం లేదు. అలా ఎంతసేపు తేలామో నాకు తెలియదు. ఎండెక్కి మంచు పలచబడేసరికి, వలకర్ర మీద తెల్లతల, ఇటుకరంగు రెక్కలు. సాంబమూర్తిగారు నాలోంచి చూశారు. చూడగానే నన్ను వదిలేసి, చెంపలేసుకుని, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టారు. ఏడుకొండలూ గడ వదిలి చేతులు జోడించాడు. చూడ్డానికని ఇంతదూరం వచ్చి కళ్లు మూసుకునే జాతి మనుషులదొక్కటే. దోనె పక్కకు తిరిగింది. పక్షి లేవబోతోంది.

సుభాషిణిగారు తడుముకుంటూ నా తోలుపట్టీ పట్టి లాగారు. పట్టీతోపాటు భర్త తలా వచ్చింది. నన్ను కుడికంటికి ఆనించుకున్నారు. నా గుండ్రని లోకమంతా రెక్కలే. గరుడుడు మా మీదుగా తిరిగి, నీటిని తాకి, వెలుగులో కలిసిపోయేదాకా ఆవిడ ఊపిరి తీయలేదు. నా గాజు తడిసింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

“దాని జత అదిగోనండి అమ్మగారూ,” అన్నాడు ఏడుకొండలు.

ఆవిడ నన్ను భర్త చేతిలో పెట్టారు.

“దణ్ణం తర్వాత పెట్టుకుందురుగాని. ముందు కళ్లు తెరిచి చూడండి. రేపట్నుంచి నాకు చెప్పాల్సింది మీరే.”

ఆయన నన్ను కళ్లకు ఆనించుకున్నారు. ఆ జతపక్షి కనబడినంతసేపూ దించలేదు.

ఆవిడ చూపు వేసవికి ముందే పోయింది. ఆదివారాలు ఇద్దరూ నన్ను డాబా మీదకు తీసుకెళతారు. కనబడ్డ ప్రతి పిట్టనూ ఆయన చెబుతారు, కాకిని కూడా వదలరు. “దాని మెడ ఏ రంగండీ?” అని ఆవిడ ఒకరోజు అడిగారు. ఆయన చాలాసేపు చూసి, బూడిదరంగని చెప్పారు. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆయన కాకి మెడ చూడడం అదే మొదలు.