సుబాబుల్ మేత

మూడో తట్ట సుబాబుల్ ఆకు గేదె ముందు పోసి, సూర్యకళ నడుం పట్టుకుని పెరటి అరుగు మీద కూలబడింది. వరిచేలు చేపల చెరువులయ్యాక మొగల్తూరులో వాళ్లింటికి గడ్డిమోపు రావడం మానేసింది. చెరువు గట్ల మీద ఆమె భర్త హరిబాబు నాటిన సుబాబుల్ మాత్రం ఏపుగా పెరిగింది. కొమ్మలు నరకడం, ఆకు దూయడం, మోసుకురావడం ఆమె వంతు. ఊరికే వచ్చే మేత అని అతను నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆ ఊరికేలో తన రెక్కలు కూడా ఉన్నాయని చెప్పడానికైనా ఓపిక ఉండాలిగా.

అదే లేదు ఆమెకు. ఏడాదిగా తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు, మే నెలలోనూ ఒంట్లో చలి, గొంతు కింద చిన్న ఉబ్బు. అత్తగారు సంపూర్ణమ్మకు చూపిస్తే, "ముగ్గురికి వండి నీరసమంటే నవ్విపోతారమ్మా. మేం పన్నెండు మందికి వండాం" అంది. హరిబాబు పేపర్లోంచి తలెత్తకుండా, "కాస్త నడువు, అదే తగ్గుద్ది" అన్నాడు. నడుస్తూనే ఉంది, నెత్తిన తట్టతో.

గేదె ఎనిమిది నెలలుగా ఎదకు రాకపోయేసరికి మాత్రం ఇల్లంతా కదిలింది. హరిబాబు పశువుల డాక్టరు చంద్రరావు గారిని బండి మీద ఎక్కించుకొచ్చాడు. పెరట్లో కుర్చీ వేశారు. కాఫీ సూర్యకళే పెట్టింది. ఆయన గేదె తోక చూశాడు, ఊడిన బొచ్చు చూశాడు, గొంతు కింద నెమ్మదిగా తడిమాడు.

"మేతేంటండి?"

"సుబాబులేనండి. రెండు పూటలా అదే," అన్నాడు హరిబాబు గర్వంగా.

"అక్కడే వచ్చిందండి తంటా. గడ్డిలో కొంచెం కలిపితే మంచి మేతే. వట్టి అదే పెడితే, అందులో ఉన్న విషం గొంతు దగ్గర గ్రంథిని పట్టేస్తుంది. ఒంటికి కావలసిన హార్మోను తయారవదు. గ్రంథి ఉబ్బుద్ది, బొచ్చు రాలుద్ది, నీరసం. ఇంకా ఎదకెక్కడొస్తుందండి? మేత మార్చి మందు పట్టండి."

"నోరు లేని జీవం. ఎంత బాధపడిందో, చెప్పుకోలేదు కదా," అంది సంపూర్ణమ్మ దాని మెడ నిమురుతూ.

సూర్యకళ చెయ్యి తనకు తెలియకుండానే గొంతు మీదికి వెళ్లింది. తనేమీ సుబాబుల్ తినలేదు, నిజమే. కానీ ఆయన గేదె గురించి చెప్పిన ఉబ్బు, బొచ్చు రాలడం, నీరసం ఏడాదిగా తను ఇంట్లో చెబుతున్నవే. నోరుండి, చెప్పింది. ఏడుపొచ్చింది. గేదె మీద కాస్త అసూయ కూడా కలిగింది, వెంటనే సిగ్గేసింది.

మర్నాడు ఉదయం ఆమె చెరువు వైపు వెళ్లలేదు. ఉతికిన చీర కట్టుకుని చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి? గడ్డి బండి వస్తుంది, గేదెకి మందు పట్టాలి," అన్నాడు హరిబాబు.

"నరసాపురం ఆసుపత్రికండి. గొంతు చూపించుకోవాలి."

"ఇప్పుడంత ముంచుకొచ్చిందేంటి?"

"మందు గూట్లో ఉంది, మీరు పట్టండి," అంది సూర్యకళ గుమ్మం దిగుతూ. "దానికోసం డాక్టరు గారిని ఇంటికే తీసుకొచ్చారు. నాకోసం నేనే వెళ్తున్నానండి."