ఫినాయిలు పోసిన ఇసుక

ఇసుకలో ఎండుతున్న నెత్తళ్ల చేపల మీద పట్టపగలు ఫినాయిలు పోయించాడు ధనరాజ్. కళింగపట్నం తీరాన అతడు కట్టిస్తున్న రిసార్టుకు రాబోయే అతిథుల ముక్కులకు ఎండుచేపల వాసన గిట్టదట. పోసిన కూలీలే ఆ కంపుకు వాంతి చేసుకున్నారు. అడ్డుపడిన జాలరి స్త్రీలను, పరాయి స్థలంలో జొరబడ్డారన్న నేరం మోపి, పోలీసులు వ్యాను ఎక్కించారు.

వాళ్లు కోర్టు హాలులో అడుగుపెట్టేసరికి బంట్రోతు అగరువత్తుల కట్ట వెలిగించి ఉంచాడు. ప్లీడర్లు చేతిరుమాళ్లు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. పీఠం మీది మేజిస్ట్రేటు గౌరికి గిట్టనిది ఆ అగరు పొగ. చేపల వాసన కాదు. ఆమె పెరిగింది ఆ వాసనలోనే, తల్లి గంప మోసి చదివిస్తే. జాలరి ఇంట పుట్టి ఆ పీఠమెక్కిన తొలి మనిషి ఆమె. చేరిన కొత్తలో ఆమె కోసమూ అగరువత్తులు వెలిగాయి.

"ఆర్పెయ్యండి" అన్నది.

ధనరాజ్ తరఫు ప్లీడరు నారాయణమూర్తి వినయంగా లేచాడు. "తమరి మీద మాకు అపార గౌరవం. కాని ముద్దాయిలు తమ కులంవారు. ఈ కేసు తమరు వినకపోవడమే మర్యాద."

వెనుక బెంచీల్లో నవ్వులు. తప్పుకుంటే ఉద్యోగానికి ఢోకా లేదు. కాని కేసు ధనరాజ్ ఇంట విందులారగించే మేజిస్ట్రేటు చేతికి పోతుంది. ఆడవాళ్లు జైలుకు, ఇసుక ధనరాజ్ కంచె లోపలికి.

"ఈ పీఠం మీద భూస్వాముల కొడుకులు కూర్చుని భూస్వాముల కేసులు విన్నారు. అప్పుడు మీరు లేచారా?"

"అది వేరు, మేడమ్."

"ఎలా వేరో చెప్పండి. రాసుకుంటాను."

నారాయణమూర్తి కూర్చున్నాడు. గౌరి ముద్దాయిల్లో పెద్దదైన దేముడమ్మ వైపు తిరిగింది.

"అక్కడ చేపలు ఎండబెట్టారా?"

"ఏటమ్మా, అలగడుగుతావు? బెట్టినాం. మా యత్త బెట్టింది, మా యత్తకి అత్త బెట్టింది. రేపూ బెడతాం."

పక్కనున్న అమ్మడు మోచేత్తో పొడిచింది. "ఒసే, నోరు ముయ్యి. ఒప్పేసుకుంతన్నావు."

"ఒప్పుకుంతే ఏటి? దొంగతనమేటే?"

నారాయణమూర్తి ముఖం వికసించింది. "నేరం అంగీకరించారు, మేడమ్."

"తరాల నాటి అనుభవ హక్కు చెప్పుకున్నారు" అంటూ గౌరి ఆ మాటలే రాసింది. "సొంత పూచీ మీద విడుదల."

"ఆ ఇసుక మీద కాలు పెట్టకూడదన్న షరతైనా విధించండి."

"విధించను."

వారం తిరగకుండా బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఎవరు వేయించారో పట్నమంతటికీ తెలుసు. తెలిసి, పెద్దమనుషులంతా ఆమెకు పూలదండ వేసి ఫొటో దిగారు. ఆ దండ కంటే ఫినాయిలు మేలనిపించింది ఆమెకు.

సాయంత్రం ఆమె ఇంటి ముందుకు జాలరిపేట కదిలివచ్చింది. "నీ కోసం కోర్టు కాడ కూకుంతాం, తల్లీ" అన్నది దేముడమ్మ.

"నా కోసం వద్దు. నేను రాసింది కాగితం. రేపు మరొకడొచ్చి దాన్ని కొట్టేస్తాడు" అన్నది గౌరి. పీఠం మీద ఇన్నాళ్లూ అణచుకున్న పేట యాస అప్పుడు పైకి వచ్చింది. "ఇసక మాత్రం ఒగ్గీకండి, ఇడిసిపెట్టకండి."

మర్నాడు ఊరు విడిచేముందు ఆమె తీరానికి వెళ్లింది. ధనరాజ్ వేయించిన కంచె కూలి ఉన్నది. సంగతి తెలిసి వచ్చిన శ్రీకాకుళం కాలేజీ విద్యార్థులు చేపల గంపలు దింపుతున్నారు. ఎస్సై అలవాటుకొద్దీ ఆమెకు సెల్యూట్ చేయబోయి చెయ్యి దించుకున్నాడు. పోలీసులు దేముడమ్మతో మొదలుపెట్టి ఆడవాళ్లను ఎక్కిస్తూంటే వ్యాను నిండిపోయింది. పక్క పేటల నుంచి ఆటోలు వస్తూనే ఉన్నాయి. దిగినవాళ్లు దిగినట్టే వ్యాను చక్రాల దాకా చేపలు పరిచారు.

కోర్టులో నోరు ముయ్యమన్న అమ్మడు నడుము వంచి నెత్తళ్లు సర్దుతూనే కానిస్టేబుల్‌ను పిలిచింది.

"బాబూ, బండి సాల్దు. ఇంకోటి తెప్పించు. అందాకా మా పని మేం సేసుకుంతాం."