మార్జిన్‌లో వెర్నా పేరు

ఫిబ్రవరిలో ఒక బుధవారం తెల్లారేసరికి నేను అరవై ఒక్క పేజీల పుస్తకానికి రచయితనైపోయాను. అందులో ఒక్క వాక్యం కూడా నేను రాయలేదు. రాసింది వెర్నా హేగ్. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు. కెటరింగ్ అనే ఊళ్లో ఫెర్రీ రేవుకు ఎగువన ఒక్కతే ఉంటుంది. కోపం వస్తే అరవదు. అరిస్తే ఎంతో బాగుండేది.

మేం కొందరం కలిసి ఒక ఎడిటర్ నడుపుతున్నాం. ఎడిటరంటే మరేం కాదు, కంప్యూటర్లో రాసుకోవడానికి, రాసింది దిద్దుకోవడానికి ఒక పనిముట్టు. దాని పేరు డింగీ. ఇద్దరెక్కితే మూడోవాడి కాళ్లు నీళ్లలోనే ఉండేటంత చిన్న పడవను మా వైపు అలా అంటారు. పద్దెనిమిదేళ్ల కిందట ఫెర్గస్ అనే మా పెద్దాయన సిగ్నెట్ అనే ఊళ్లో తన ఆపిల్ షెడ్డులో కూర్చుని దీన్ని మొదలుపెట్టాడు. చిన్నదైనా మునగకుండా ఉంటే చాలనుకుని ఆ పేరు పెట్టాడు. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపలంతా విప్పి చూసుకోవచ్చు, బాగుచేసి మాకు పంపవచ్చు.

మాలో ఎవరికీ జీతం లేదు. దానికి బదులుగా ఫెర్గస్ ఒక ఆచారం పెట్టాడు. మా సైట్లో మాన్యువల్, అంటే డింగీని ఎలా వాడాలో చెప్పే పుస్తకం, చదువుతుంటే ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో, బూడిద రంగు చిన్న అక్షరాలతో, ఒక పేరు, తారీఖు కనిపిస్తాయి. ఆ పేరా మీద చివరిసారి ఎవరి చెయ్యి పడిందో వాళ్ల పేరు. ఒక్క కామా మార్చినా సరే, పాత పేరు పోయి కొత్త పేరు వస్తుంది. ఆ పేర్లు వేసే ప్రోగ్రాంను ఫెర్గస్ ఒకే వారాంతంలో రాశాడు. అదెలా పనిచేస్తుందో ఇప్పుడు ఆయనకే తెలియదు. దాని జోలికి వెళ్లే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

జనవరిలో సిడ్నీ నుంచి లాయరు ఉత్తరం వచ్చింది. ఫోన్లో నోట్సు రాసుకునే యాప్ అమ్మే కంపెనీ ఏదో డింగీ పేరు మీద ట్రేడ్‌మార్క్ తీసుకుందట. ఏప్రిల్ ముప్పైలోగా ఆ మాట మా సైట్లో ఎక్కడా కనబడకూడదట. షెడ్డులో సమావేశం పెట్టుకున్నాం. ఆపిల్ పెట్టెల మీద కూర్చుని మూడు గంటలు కొట్టుకుని, చివరికి వాటిల్ అని ఖాయం చేశాం. అది పసుపుపచ్చగా పూసే మా వైపు చెట్టు, ఎవరి సొత్తూ కాదు. బొమ్మ కూడా గీయించాం, గుండ్రటి పసుపు పువ్వు. వద్దని చెయ్యెత్తింది వెర్నా ఒక్కతే.

"నీళ్ల మీద తిరిగేదాన్ని తీసుకొచ్చి నేలలో పాతేస్తున్నారు. పాతుకోండి, నాదేం పోయింది?" అంది.

మాన్యువల్లో పేరు మార్చే పని నాకు అప్పగించారు. డారిల్ ఫెన్ చేతికిస్తే పని చిటికెలో అయిపోతుందని మా వాళ్లలో పేరుంది. నిజానికి నాకు ఓపిక లేదు, జనం దాన్ని చురుకుదనం అనుకుంటారు. డింగీ అన్న చోటల్లా వాటిల్ పెట్టమని మూడు లైన్ల ప్రోగ్రాం రాసి వదిలాను. పదిహేను సెకన్లు. చదివి చూసుకుందామన్న బుద్ధి పుట్టలేదు. సైట్లో పెట్టేసి, కుక్కను తీసుకుని షికారుకు పోయాను.

బుధవారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"డారిల్, పుస్తకం చాలా బాగా రాశావు," అంది వెర్నా.

"ఏ పుస్తకం?"

"మాన్యువల్. అరవై ఒక్క పేజీలు. నీలో ఇంత పనితనం ఉందని ఇన్నేళ్లూ తెలియనేలేదు నాయనా."

సైట్ తెరిచి చూశాను. వెర్నాకు డింగీ అన్న మాట ఎంత ఇష్టమంటే, పేరాకొకసారైనా దాన్ని వాడకుండా ఉండలేదు. అందుకే నా ప్రోగ్రాం ప్రతి పేరా మీదా చెయ్యేసింది. మార్జిన్ పైనుంచి కిందిదాకా డారిల్ ఫెన్, డారిల్ ఫెన్, డారిల్ ఫెన్. వెర్నా పేరు వెతికినా దొరకలేదు. అంతటితో ఆగినా బాగుండును. ఆవిడ మాన్యువలంతా పడవ భాషలోనే రాసింది. సేవ్ చేయడం గురించిన పేజీలో ఇప్పుడు "దిగే ముందు మీ వాటిల్‌ను గుంజకు కట్టండి" అని ఉంది. ఇంకో చోట "వాటిల్‌లోకి నీళ్లు వస్తే కంగారు పడకండి" అని ఉంది.

మా ఊరు స్నగ్‌లో ఇంటి దగ్గర ఆల్చిప్ప మాంసం కూరిన రెండు స్కాలప్ పైలు కొనుక్కుని కెటరింగ్ వెళ్లాను. వెర్నా తలుపు తీసి, పైల పొట్లం అందుకుని, నన్ను మాత్రం గుమ్మంలోనే నిలబెట్టింది.

"క్షమించు వెర్నా. పేరు మార్చాలనుకున్నానంతే. నీ పేరు తీసెయ్యాలని కాదు."

"తెలుసు. నీకంత ఆలోచన ఉంటే ఇలా ఎందుకు జరుగుతుంది?" అని, కాసేపటికి పక్కకు జరిగి లోపలికి రానిచ్చింది.

వంటింట్లో టీ తాగుతూ చెప్పింది. కిటికీలోంచి కింద రేవులో కార్లు ఫెర్రీ ఎక్కుతున్నాయి.

"ఆ కింద ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. నోటీసులన్నీ నేనే రాసేదాన్ని. గాలి ఎక్కువగా ఉంది, ఆరింటి ఫెర్రీ లేదు, గొర్రెల లారీలు ముందు. కింద మాత్రం 'ఆదేశానుసారం, యాజమాన్యం'. బాగుందని ఎవరైనా అంటే యాజమాన్యాన్ని అనేవాళ్లు. తిడితే యాజమాన్యాన్నే తిట్టేవాళ్లు. నన్నెవరూ తిట్టనైనా తిట్టలేదు డారిల్. రిటైరయ్యాక ఫెర్గస్ ఈ మాన్యువల్ రాయమన్నాడు. నా మాట పక్కన నా పేరు చూసుకోవడం అదే మొదలు."

శుక్రవారానికల్లా నేను చేసిందంతా వెనక్కి తీసేశాను. మార్జిన్‌లో ఆవిడ పేరు తిరిగొచ్చింది. కానీ డింగీ కూడా తిరిగొచ్చింది. ఏప్రిల్ ముప్పై గడువు మాత్రం అలాగే ఉంది.

ఆవిడకు ఫోన్ చేశాను. "నాకో ఉపాయం తట్టింది. మళ్లీ నా ప్రోగ్రాంతోనే మారుస్తాను. కానీ మార్చింది నువ్వే అన్నట్టు నీ పేరుతో పెడతాను. అలా పెట్టడానికి వీలుంది."

"అంటే నేను చెయ్యని పనికి నా సంతకమా?"

"నీ మంచికే కదా!"

"ముప్పై ఒక్క ఏళ్లు నా పనికి ఇంకొకళ్ల పేరు వేశారు. ఇప్పుడు ఇంకొకళ్ల పనికి నా పేరు వేస్తానంటావు. ఏం తేడా?"

"అయితే నువ్వే మార్చు. నీ చేత్తో నువ్వు మారిస్తే అన్ని పేరాలూ నీ పేరు మీదే ఉంటాయి."

"డింగీని నా చేత్తో నేను చెరపనుగాక చెరపను," అని ఫోన్ పెట్టేసింది.

నాకు ఒళ్లు మండింది. ఇదీ వద్దు, అదీ వద్దంటే ఏం చేసేది? ఫెర్గస్ మాత్రం తాపీగా ఉన్నాడు. "ఏప్రిల్ ఇరవై దాకా చూద్దాం నేస్తం. ఆవిడ కదలకపోతే నీ ప్రోగ్రాం వదిలెయ్. లాయర్లతో మనం పడలేం," అన్నాడు. ఆయన మాట సబబే. అయినా ఆ ప్రోగ్రాం ఇంకోసారి వదలడం నా వల్ల కాదని నాకప్పుడే తెలిసిపోయింది. మార్చి సగం గడిచింది. వెర్నా నా ఫోన్ ఎత్తడం మానేసింది.

అలాంటప్పుడు టోంగా నుంచి నాకో ఈమెయిల్ వచ్చింది. వవావు దీవిలో ఒక బడి ఆఫీసులో పనిచేసే లోసలీన్ అనే ఆమె రాసింది. నా పేరు మార్జిన్‌లో ఉన్న ఆ రెండు రోజుల్లోనే ఆమె మా మాన్యువల్‌ను కాగితాల మీద అచ్చు తీసుకుందట. "గౌరవనీయులైన ఫెన్ గారికి. కంప్యూటరంటే భయపడేదాన్ని. మీ పుస్తకం చదువుతుంటే పక్కన ఎవరో పెద్దవాళ్లు కూర్చుని, తొందర లేదు నిదానంగా చెయ్యి అంటున్నట్టు ఉంటుంది. బడి ఉత్తరాలన్నీ ఇప్పుడు నేనే రాస్తున్నాను. మీరు చాలా ఓపికమంతులై ఉండాలి." నా భార్య చివరి వాక్యం చదివి నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది.

ఆ ఉత్తరం అచ్చు తీసుకుని కెటరింగ్ వెళ్లాను. "నీకు రావలసిన ఉత్తరం పొరపాటున మా ఇంటికొచ్చింది," అని వెర్నా చేతికిచ్చాను. ఆవిడ భూతద్దం పెట్టుకుని చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. మడత పెట్టి టీ కప్పు కింద పెట్టుకుంది.

"నేను దిద్దకపోతే ఇలాంటివన్నీ నీకే వస్తూ ఉంటాయి. అంతేనా?"

"అంతే."

"ఓపికమంతుడట!"

"ఆమె అలా అనుకుంది మరి."

"ఈ ఘోరం మాత్రం నేను జరగనివ్వను. గురువారం రా. ప్రోగ్రాములూ గీగ్రాములూ ఇంట్లోకి తేకు."

అలా మొదలైంది. వారానికి రెండు రోజులన్న లెక్క కాస్తా నాలుగైంది. వెర్నాకు దగ్గరి చూపు సరిగా ఆనదు. అక్షరాలు పెంచి పెంచి తెర మీద నాలుగు మాటలు పట్టేటట్టు పెట్టుకునేది. నేను పక్కన కూర్చుని పేరా మొత్తం పైకి చదవాలి. ఆవిడ వినాలి, ఆలోచించాలి, అప్పుడు మీటల మీద చెయ్యి వెయ్యాలి. మొదటి రోజు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఒక్క పేజీ అయింది. కుర్చీలో నాకు ముళ్లున్నట్టుండేది.

పోట్లాటలకూ కొదవ లేదు. పడవ మాటలన్నీ తీసెయ్యాలని నేనన్నాను.

"లాయరుకు హక్కున్నది పేరు మీదే. తాళ్ల మీద లేదు, తెడ్ల మీద లేదు. అవి ఉంటాయి," అంది.

"చెట్టుకు తాడెందుకు వెర్నా?"

"పడవను కట్టడానికి!"

చెప్పాక తనే ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత సేవ్ పేజీకి వెళ్లి "దిగే ముందు పడవను వాటిల్‌కు కట్టండి" అని దిద్దింది. నేను పైకి చదివాను. గట్టున పూసిన చెట్టు, దానికి కట్టిన పడవ. వినడానికి ఎంత బాగుందో! ఆ రోజునుంచి ఆవిడ ముఖంలో గంటు తగ్గింది. ఒక పేరాను మూడు రకాలుగా రాసి, ఏది బాగుందని నన్ను అడిగేది. నేను చెప్పింది ఎప్పుడూ ఒప్పుకోలేదు, కానీ అడిగేది. ఏప్రిల్ వచ్చేసరికి నేను గడియారం చూడటం మానేశాను. అరవై ఒక్క పేజీల్ని నేను మొదటిసారి చదివింది ఆ వంటింట్లోనే.

ఇరవయ్యో తారీఖున ఫెర్గస్ ఫోన్ చేశాడు. ఇంకా పద్నాలుగు పేజీలున్నాయన్నాను. "నీ ప్రోగ్రాం ఏమైంది?" అన్నాడు. "చెరిపేశాను," అన్నాను. ఆయన నవ్వాడు.

ఇరవై తొమ్మిదిన మొదటి పేజీ చేతికొచ్చింది. దాన్ని వెర్నా కావాలనే ఆఖరుకు ఉంచుకుంది. అందులో డింగీ అన్న పేరు ఎందుకొచ్చిందో చెప్పే పేరా ఉంది. పేరే పోయాక ఆ పేరాలో దిద్దడానికేముంది, మొత్తం తీసెయ్యాల్సిందే. నేను చదవడం మొదలుపెడితే, "అక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు," అంది. తనే ఒక్కో అక్షరం వెనక్కి చెరుపుకుంటూ వెళ్లింది. ఒకేసారి తీసే పద్ధతి ఉందని నేను చెప్పలేదు. ఆ ఖాళీలో ఇలా రాసింది: "దీనికి ఇంతకుముందు ఇంకో పేరుండేది. చెప్పకూడదన్నారు, చెప్పం. మునగదు, అంతవరకు మాది హామీ." కళ్లు తుడుచుకుని, జలుబు చేసిందంది.

"ఇక వెతుకు. ఎక్కడైనా మిగిలిందేమో చూడు," అంది.

వెతికాను. పాత పేరు ఒక్క చోట మిగిలింది. ఇరవై రెండో పేజీ, మూడో పేరా.

"ఒకటి వదిలేశావు."

"నాకు కళ్లు లాగుతున్నాయి. నువ్వు మార్చు."

పొద్దున్నే నేను చదవడంలో మింగేసిన కామాను పట్టుకున్న మనిషి! "వెర్నా, నేను మారిస్తే నా పేరు పడుతుంది," అన్నాను.

"పడితే పడనీ. నువ్వేం ఊరికే కూర్చున్నావా ఈ నెలంతా?"

పేజీ తెరిచాను. చేసిన పనిని వెనక్కి తీసుకోవడం ఎలాగో చెప్పే పేజీ అది. పేరా ఇలా ఉంది: "డింగీలో ఎంత పెద్ద పొరపాటు చేసినా వెనక్కి రావచ్చు. సిగ్గుపడకండి. ఎవరికైనా జరిగేదే. ఈ మీట నొక్కండి, తొందరపడకుండా మళ్లీ మొదలుపెట్టండి."

మార్చాల్సింది ఒక్క మాట. రెండుసార్లు చదివి, ఒక్కో అక్షరం చూసుకుంటూ మార్చాను. కుర్చీ పక్కనుంచి వెర్నా, "ఇంత నెమ్మదేమిటి, తెల్లారిపోతుంది," అంది.

కొత్త సైట్ పైకి ఎక్కింది. మార్జిన్‌లో పైనుంచి కిందికి వెర్నా హేగ్, వెర్నా హేగ్, అన్నీ ఈ ఏటి తారీఖులతో. "రెండు నెలలు తిరగకముందే అరవై ఒక్క పేజీలు రాశాను చూడు," అని మురిసిపోయింది. నేను ఇరవై రెండో పేజీ దగ్గర ఆగిపోయాను. వెర్నా హేగ్, వెర్నా హేగ్, డారిల్ ఫెన్, మళ్లీ వెర్నా హేగ్. ఇన్నేళ్లలో నా పేరు ఎన్నో చోట్ల పడింది. చూసుకుని ఇంత సంతోషపడింది మాత్రం అక్కడే.