లూథర్ మాస్టారి తోలు చొక్కా

చిరిగిన బట్ట కనపడితే నా చేతులు ఊరుకోవు. నరసాపురంలో మా అమ్మ ఇస్త్రీ లేని లంగాతో మమ్మల్ని చర్చి మెట్లు ఎక్కనిచ్చేది కాదు. ఆ పెంపకమే 2015లో మస్కట్‌లో నా కొంప ముంచింది.

అప్పుడు నేను బౌషర్‌లో ఆడ్రీ మేడం దగ్గర హోమ్ నర్సుగా చేస్తున్నాను. మేడంది అమెరికా. కూతురు ఇక్కడ స్కూల్లో టీచరు కాబట్టి ఆ పిల్ల దగ్గరికి వచ్చి ఉంటూ, బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. డెబ్బై తొమ్మిదేళ్ళు. పడుచుతనంలో కత్తిసాములో, అదే ఫెన్సింగ్‌లో, ఆ దేశమంతా పేరున్న మనిషి. తర్వాత నలభై ఏళ్ళు పిల్లలకు నేర్పింది. తుంటి విరిగాక చేయించే కాలు వ్యాయామానికి మగవాళ్ళే కేకలు పెట్టడం నేను చూశాను. ఈవిడ్ని నొప్పిగా ఉందా అని అడిగితే, ఉంది, తర్వాతేంటి అనేది. నేను ఓ పట్టాన ఎవరికీ లొంగే రకం కాదు. పెద్ద డాక్టర్లతోనే పేచీ పెట్టుకుని మూడు ఆసుపత్రులు మారినదాన్ని. ఆవిడకి మాత్రం మొదటి వారంలోనే దాసోహమన్నాను.

ఆగస్టులో మేడం సొంతూరి ఫెన్సింగ్ క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. గొప్ప ఆటగాళ్ళవీ గురువులవీ పేర్లు క్లబ్బు గోడ మీద చెక్కిస్తున్నాం, వాటిలో మీ పేరూ ఉంటుంది అని. నేనైతే ఆ కాగితానికి ఫ్రేము కట్టించేదాన్ని. ఆవిడ ఆ పూటే జవాబు రాసింది: ముందు నా గురువు లూథర్ గెయిన్స్ పేరు చెక్కండి, తర్వాత నాది.

లూథర్ గారు నల్లజాతి మనిషి. పగలు ఆ క్లబ్బులోనే నేల తుడిచేవాడట. నల్లవాళ్ళు అక్కడ కత్తి పట్టడానికి వీల్లేని రోజులవి. తుడుస్తూనే ఒక్కో దెబ్బా చూసుకుని, ఇంటికెళ్ళి చీపురుకర్రతో సాధన చేశాడు. సాయంత్రాలు తన చర్చి కింద నేలమాళిగలో, క్లబ్బు పారేసిన పాత కత్తులతో, ఫీజు కట్టలేని పిల్లలకు నేర్పాడు. తెల్లపిల్లలు వచ్చినా పొమ్మనలేదు. కూలివాడి కూతురు ఆడ్రీ పదమూడో ఏట అక్కడే కత్తి పట్టింది. ఈ సంగతి విన్న రోజు నాకు అన్నం సయించలేదు. తనను గుమ్మం ఎక్కనివ్వని ఆటని తను పది మందికి పంచాడే, ఆయనది ఎలాంటి మనసో అనుకున్నాను.

క్లబ్బువాళ్ళు మర్యాదగానే తిప్పికొట్టారు. ఆయన మా సభ్యుడు కాదు, పోటీల్లో ఆడిన దాఖలా లేదు, ఒక్క ఫొటో కూడా లేదు. నేర్పినట్టు సాక్ష్యం ఏదైనా ఉంటే నెలాఖరు సమావేశానికి పంపండి అన్నారు. మేడం దగ్గరున్న సాక్ష్యం ఒక్కటే, లూథర్ గారి తోలు చొక్కా. పోటు ఎక్కడ తగలాలో, ఎంత బలంగా తగలాలో నేర్పాలంటే గురువు తన ఒంటి మీదే పొడిపించుకోవాలి. అందుకు తొడుక్కునే మందపాటి చొక్కా అది. ఆయన పోయాక భార్య దాన్ని ఈవిడకి ఇచ్చింది. వచ్చే గురువారం కొరియర్‌లో పంపాలని బయటికి తీయించింది.

దాని అవతారం నేను చూశాను కదా. రొమ్ము నిండా గుంటలు, చిల్లులు, పక్కన కుట్లు ఊడి దూది బయటికి వేలాడుతోంది. ఇంత గొప్పవాడి చొక్కాని పెద్దమనుషుల ముందు ఇలాగా పెట్టడం అని నా ప్రాణం ఒప్పలేదు. దులిపి సర్దుతానని మేడంకి చెప్పి, శుక్రవారం ఘాలాలో చర్చికి వెళ్ళేటప్పుడు సంచిలో వేసుకుపోయాను. అక్కడి గ్యారేజీల మధ్య కార్ల సీట్లు కుట్టే ఖాదర్‌వలి ఉన్నాడు. రాయచోటి మనిషి, పనిలో మొనగాడు. సాయంత్రం అతను షాపు తీసేదాకా కాచుకుని, కొత్తదానిలా చేయమని అతని చేతిలో పెట్టాను.

సోమవారం తెచ్చాను. ముందు భాగమంతా కొత్త నల్లతోలు, రెండు వరసల కుట్టు, నిగనిగ. మెచ్చుకుంటుందని మురిసిపోతూ మేడం ఒళ్ళో పెట్టాను. ఆవిడ ఈ చివర నుంచి ఆ చివరి దాకా తడిమి చూసి, పాత తోలు ఏదని అడిగింది. షాపులో ఉండిపోయిందన్నాను.

"ఆ చిల్లులే సాక్ష్యం మణీ," అంది, చక్రాల కుర్చీని గోడ వైపు తిప్పుకుంది.

తిట్టినా బాగుండేది. నలభై ఏళ్ళు దాచుకున్నదాన్ని మూడు రోజుల్లో నేను మాయం చేశాను. నా మూలంగా ఆ మహానుభావుడి పేరు రెండోసారి గుమ్మం బయటే ఉండిపోతుందన్నమాట. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

టాక్సీ ఎక్కి ఘాలా పరిగెత్తాను. తప్పు నాది, కోపం ఖాదర్‌వలి మీద. షాపు కప్పు ఎగిరిపోయేలా అరిచాను. అరిచినంతసేపూ అరవనిచ్చి, కొత్తదాని మాదిరి చేయమన్నది నువ్వే కదా సిస్టర్ అన్నాడు. కోత బల్ల కిందికి వంగి, లోపలి దూదీ గుడ్డతో సహా పాత తోలు తీశాడు. వాళ్ళ పనిలో పాత కవరు విప్పి, దాన్నే కొలతగా పరిచి కొత్తది కత్తిరిస్తారట. పని ఇచ్చినవాళ్ళు బాగుందనేదాకా పాతది పారేయరట. అక్కడే ఎవరిదో కారు సీటు మీద కూలబడి ఏడ్చేశాను.

"ఏడుపు ఆనక ఏడుద్దువులే సిస్టర్, ముందు దీన్ని చూడు," అన్నాడు. "ముప్పై ఏండ్లుగా తోలు పనే చేస్తాండా. పొడిపించుకునే మనిషి జంకినాడంటే తోలు అడ్డంగా చీలిపోతాది. దీంట్లో అట్లాంటి చీలిక ఒగటి గూడా లేదు. ఎన్ని వేల పోట్లు పడినాయో, ఈయప్ప ఒగ్గసారన్నా ఎనక్కి జరగల్యా."

తర్వాత దాన్ని తిరగేసి, కుడి చంక కింద పడే చోటు చూపించాడు. అక్కడ దూది పూర్తిగా నలిగి అరిగిపోయింది. లోపలి గుడ్డ మీద గోధుమరంగు మరకలు, ఒకదాని మీద ఒకటి. ఇరవై ఏళ్ళుగా నర్సు పని చేస్తున్నాను. అది చెమట కాదు. ఆ మాటే అన్నాను. అందుకే తను కడగలేదని, ఈ చోట పొడిచింది ఒకే చెయ్యిలా ఉందని, ఎవరో కనుక్కోవాలని ఉందని అన్నాడు. తన పికప్‌లోనే నన్ను ఇంటికి తీసుకొచ్చాడు.

భోజనాల బల్ల మీద తోలు పరిచాడు. అతను చెప్పిందంతా నేను ఇంగ్లీషులో చెప్పాను. గురువు వెనక్కి జరగలేదన్న మాటకి మేడం కళ్ళు మూసుకుని తల ఊపింది. చంక కింది మరకలు చూపించాక ఆ తల ఊపడం ఆగిపోయింది. కుడిచేత్తో కత్తి పట్టే గురువుకి ఆ పక్కన పదే పదే దెబ్బ తగిలిందంటే శిష్యుడిది ఎడమచేతి వాటం అయి ఉండాలని మేడం చెప్పింది. ఆ నేలమాళిగలో ఎడమచేతి వాటం ఆడ్రీ మేడం ఒక్కదానిదే.

"ఇది నేనే," అంది మేడం. "మూడేళ్ళు పొడిచాను. ప్రతిసారీ బాగుంది, మళ్ళీ అనేవాడు. నా కత్తి మొన గుచ్చుకోకుండా ఉండే బొడిపె అరిగిపోయిందని నాకు తెలీదు. ఆయనకి తెలిసే ఉంటుంది. ఇంకో కత్తి లేదు. చెప్తే నేను మానేస్తానని చెప్పలేదు."

తుంటి విరిగినప్పుడు కంటతడి పెట్టని మనిషి ఆ తోలు మీద తల ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఖాదర్‌వలి తల మీది టోపీ సర్దుకుంటూ నిలబడిపోయాడు.

మర్నాటి సాయంత్రానికల్లా అతను పాత తోలుని, పాత కుట్టు రంధ్రాల్లోంచే దారం పోనిచ్చి, మళ్ళీ కుట్టి తెచ్చాడు. చొక్కాతో పాటు పంపడానికి మేడం కూతురు ఫోన్లో వీడియో తీసింది. ఖాదర్‌వలి ఒక్కో పోటు మీదా వేలు పెట్టి తెలుగులో చెప్పాడు, నేను ఇంగ్లీషు చేశాను. చివర్న మేడం లోపలి మరక తిప్పి చూపించి, ఇది నేను చేసిన గాయం, ఇంతకన్నా సాక్ష్యం నా దగ్గర లేదు, ఆయన పేరు లేని గోడ మీద నా పేరు వద్దు అని చెప్పింది. గురువారం కొరియర్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫోను మోగినప్పుడల్లా క్లబ్బువాళ్ళేమోనని నేనే ముందు పరిగెత్తేదాన్ని.

అక్టోబరులో జవాబు వచ్చింది. సమావేశంలో చొక్కాని చేతులు మార్చుకుంటూ చూశారట, ఎవరూ ఇంక కాగితాలు అడగలేదట. రెండు పేర్లూ చెక్కిస్తున్నారు, లూథర్ గెయిన్స్ గారిది ముందు. పేరు కింద చెక్కడానికి మనిషికో వాక్యం కావాలన్నారు. మేడంకి మాత్రం వాళ్ళే తయారుచేసి పంపారు: ఏ సంవత్సరం ఏ పతకం, వరసగా ఏడు. సరిచూసి సంతకం పెట్టమన్నారు.

మేడం కలం అడిగింది. ఆ వాక్యమంతా కొట్టేసి, కింద తన చేత్తో రాసింది. భుజం మీంచి చూశాను. లూథర్ గెయిన్స్ శిష్యురాలు అని ఉంది.

"పతకాలు రాయరా మేడం?" అని అడిగాను.

"రాశానుగా," అంది.