పేరు పెట్టి పిలిచే ఆసుపత్రి

ఆదివారం ప్రసంగం అయ్యాక పాస్టరుగారు కళ్ళద్దాలు సర్దుకుని ప్రార్థన మనవులు చదువుతారు. ఒకరి మోకాళ్ళ నొప్పి, ఇంకొకరి అబ్బాయి కానిస్టేబుల్ పరీక్ష, మరొకరి బోరులో పడని నీళ్ళు. అన్నిటికీ పేర్లుంటాయి. ఒక్క మనవికి మాత్రం ఉండదు. "గర్భఫలం కోసం కనిపెడుతున్న ఒక సహోదరి కొరకు" అని ఆయన గొంతు తగ్గించి చదవగానే, ఆడవాళ్ళ వైపు కూర్చున్న వాళ్ళంతా ఒక్కసారిగా కిటికీ వంక చూస్తారు. అంతమంది కలిసి ఒక మనిషిని చూడకుండా ఉంటే ఆ మనిషెవరో గురజాలలో తెలియనిదెవరికి? నిరోష తల మీది కొంగు ఇంకాస్త ముందుకి లాక్కునేది.

ఆ చీటీ రాయించేది ఆమె అత్త సువార్తమ్మ. పేరు వేయించకపోవడం కోడలి మీద తన ప్రేమ అని ఆమె నమ్మకం. ప్రేమ కాదనడానికీ లేదు. ఉపవాస ప్రార్థనలో కోడలి కోసం ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చి, సైగలతోనే కూర కలిపి పెట్టిన రోజులున్నాయి. కానీ పేరు బయటపడితే ఇంటి పరువు పోతుందని ఆమెకు భయం.

నరసరావుపేటలో వాళ్ళు చూపించుకుంటున్న ప్రైవేటు ఆసుపత్రి కూడా ఆ చీటీ లాంటిదే. అక్కడా పేర్లుండవు, టోకెన్ నంబర్లుంటాయి. మనిషికీ మనిషికీ మధ్య పరదాలు. పక్క సందులోకి ఇంకో తలుపు. తెలిసినవాళ్ళు ఎదురుపడితే తప్పించుకోవడానికి కింది అంతస్తులో షుగరు డాక్టరు కూడా ఉన్నాడు. "థైరాయిడ్‌కి వచ్చామమ్మా" అనేస్తే సరిపోయేది. ఆ డాక్టరమ్మ చెడ్డదేం కాదు. నవ్వుతూ మాట్లాడేది, విసుక్కునేది కాదు. ఆమె రాసిన మాత్రలన్నీ నిరోష మింగింది, సూదులన్నీ పొట్ట మీద పొడిపించుకుంది, ఆమె వేలితో చూపించిన స్కానింగు తెరలన్నీ కళ్ళు చికిలించి చూసింది. రెండుసార్లు ఆశ పెట్టుకున్నారు. రెండుసార్లూ నెల తిరిగేసరికి సువార్తమ్మ ఏమీ అడక్కుండా వేడినీళ్ళు కాచి పెట్టింది. ఈసారి టెస్ట్ ట్యూబ్ పద్ధతికి పోదాం, ఆలోచించుకుని రండి అంది డాక్టరమ్మ. ఎంత ఖర్చయినా సరేనని సువార్తమ్మ అక్కడికక్కడే అనేసింది. నిరోష మాత్రం ఆలోచించుకుంటానంది.

ఆలోచన కుట్టు మిషను మీద మొదలైంది. బస్టాండు దగ్గర కుల్సుం కొట్లో నిరోష జాకెట్లు కుడుతుంది. కుల్సుం చెల్లెలు మున్నీకి కూడా చాన్నాళ్ళు పిల్లల్లేరు. గుంటూరు పెద్దాసుపత్రిలో మందులు వాడాక ఇప్పుడు ఒక పిల్ల. ఆ కథ కుల్సుం కాజాలు కుడుతూ చెప్పింది.

"అక్కడ ముందు నిన్ను చూడరే. నీ మొగుడేడని అడుగుతారు. మా మున్నీ మొగుడు రెండుసార్లు సత్తెనపల్లిలో టీ తాగొస్తానని బస్సు దిగి మాయమైపోయాడు. మూడోసారి మా అమ్మ వాడి చొక్కా పట్టుకుని కూర్చుంది గుంటూరు దాకా."

ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేటట్టు నవ్వుకున్నారు. నవ్వు ఆగాక నిరోషకు ఒక సంగతి గుర్తొచ్చింది. నరసరావుపేటలోనూ మొదట్లో ఒకసారి ఆనంద్ బాబును పరీక్ష చేయించుకోమన్నారు. అతను ఏదో ల్యాబులో చేయించుకున్నానని, అంతా బాగానే ఉందన్నారని చెప్పాడు. రిపోర్టు తర్వాత తెచ్చివ్వండి అన్నారు వాళ్ళు. ఆ తర్వాత వాళ్ళూ అడగలేదు, ఇతనూ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర, ఇక నరసరావుపేట వద్దు, గుంటూరు పెద్దాసుపత్రికి పోతానని నిరోష చెప్పేసింది. సువార్తమ్మ చేతిలో గరిటె ఆగింది.

"సర్కారాసుపత్రికా? మనకేం ఖర్మే? దిక్కులేనోళ్ళు పోతారక్కడికి."

"మీరు ఆయన్ని కన్నదెక్కడ అత్తయ్యా?"

"ఎక్కడేంది? ఇక్కడే. మన సర్కారాసుపత్రిలోనే." అని, నోరు జారాక ఆమె గరిటెతో కోడలి కంచంలో ఇంత పప్పు వేసి, "కనడం వేరు, కనలేకపోవడం వేరు" అని గొణిగింది.

అత్త కాదంటుందని నిరోష అనుకున్నదే. మొగుడు కాదంటాడని అనుకోలేదు. ఆనంద్ బాబు పిడుగురాళ్ళ సున్నపు బట్టీలో మేస్త్రీ. ఇంట్లో ఏ పంచాయితీలోనూ నోరెత్తని మనిషి. అటువంటివాడు కంచం పక్కకు నెట్టి, అక్కడ రేషన్ షాపులో పిలిచినట్టు పేర్లు పెట్టి అరుస్తారని, హాలంతా వింటారని, తెలిసినవాళ్ళు పది మంది ఉంటారని, ఆరునూరైనా వద్దని చెప్పాడు. ఇన్నేళ్ళలో అతను ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడడం ఆమె వినలేదు. ఇంత భయమెందుకో ఆమెకు అర్థం కాలేదు.

మంగళవారం ఆమె ఒక్కతే ఫైలు సంకలో పెట్టుకుని గుంటూరు బస్సెక్కింది.

అతను చెప్పింది అబద్ధం కాదు. హాలు తిరునాళ్ళలా ఉంది. నర్సు గుమ్మంలో నిలబడి పేర్లు పెట్టి గట్టిగా పిలుస్తోంది, ఆడమనిషి పేరు, వెంటనే మొగుడి పేరు. ఒక్కో పేరుకీ బల్లల మీంచి ఒక జంట లేస్తోంది. మొదట్లో నిరోష సిగ్గుతో నేల చూసింది. కాసేపటికి తల ఎత్తి చూడడం మొదలుపెట్టింది. కోటప్పకొండ తిరునాళ్ళకు వచ్చినట్టు పల్నాడంతా అక్కడే ఉంది. పక్కన కూర్చున్న మాచర్ల ఆమె, "నీకెన్నేళ్ళయింది?" అని ఊరూ పేరూ అడిగినంత మామూలుగా అడిగి, సంచిలోంచి రెండు జామకాయలు తీసి ఒకటి చేతిలో పెట్టింది. పేటలో పరదా వెనక కూర్చున్న అన్ని రోజుల్లో నిరోషను ఒక్కరూ ఆ మాట అడగలేదు.

లోపల డాక్టరమ్మ నడివయసు మనిషి. అరిగిన చెప్పులు, గట్టి గొంతు. ఫైలంతా తిరగేసి, పేట డాక్టరు నీకు చేయవలసినవన్నీ బాగానే చేసిందమ్మా, నీలో నాకు పెద్ద లోటేం కనపడలేదు అంది. తర్వాత, "మీ ఆయన పరీక్ష ఏదీ?" అంది.

బాగానే ఉందన్నారని నిరోష చెప్పింది. ఎవరన్నారు, ఏ ల్యాబు, ఎప్పుడు అని అడిగితే ఆమెకు ఒక్కదానికీ జవాబు తెలియలేదు. డాక్టరమ్మ కసురుకోలేదు. పెన్ను మూత పెట్టేసింది.

"వచ్చే మంగళవారం ఆయన్ని తీసుకురా. అప్పటిదాకా నీకు ఒక్క మాత్ర కూడా రాయను. బండికి రెండెద్దులు కదమ్మా. ఒకదానికే దాణా వేస్తే బండి నడుస్తుందా?"

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిరోష ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. పిడుగురాళ్ళ రాగానే గురజాల దాకా ఉన్న టిక్కెట్టు వదిలేసి దిగింది, ఆటో ఎక్కి బట్టీ దగ్గరికి పోయింది.

పెళ్ళయ్యాక ఆమె బట్టీ చూడడం అదే మొదలు. బొగ్గూ రాయీ పొరలు పొరలుగా వేసి మండిస్తున్న గొట్టం కింద, కాలిన సున్నాన్ని బయటికి లాగే మూతి దగ్గర, తల వెంట్రుకల నుంచి కాలి గోళ్ళ దాకా తెల్లగా నిలబడి ఉన్నాడు ఆనంద్ బాబు. అంత దూరం నుంచే ఆమె మొహానికి సెగ తగిలింది. ఆమెను చూసి అతను కంగారుగా బయటికొచ్చాడు.

"మీరు పరీక్ష ఏ ల్యాబులో చేయించుకున్నారు?"

అతను మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్న మేర నల్లగా అతని మొహం బయటపడింది.

"చేయించుకోలేదు."

ల్యాబు దాకా పోయాడట. నమూనాకని చేతికి చిన్న డబ్బా కూడా ఇచ్చారట. వరసలో ముందు తన బట్టీకి బొగ్గు తోలే లారీ ఓనరు నిలబడి ఉన్నాడట. డబ్బా జేబులో పెట్టుకుని వచ్చేశాడు. వచ్చి ఇంట్లో బాగానే ఉందనేశాడు. ఆ తర్వాత ప్రతి నెలా చెబుదామనుకున్నాడు. చెప్పకుండా గడిచిన ప్రతి నెలా తర్వాతి నెల చెప్పడాన్ని ఇంకా కష్టం చేసింది.

నిరోష అరుస్తుందనుకున్నాడు. ఆమె అరవలేదు. మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"నాకన్ని సూదులు, మీకొక్క చిన్న డబ్బా. మంగళవారం పొద్దున బస్సుకి మీరు నాతో ఎక్కుతారు. ఎక్కకపోతే నేనింక ఏ ఆసుపత్రి మెట్టూ ఎక్కను. పేటా వద్దు, గుంటూరూ వద్దు. అత్తయ్యకి ఎందుకో మీరే చెప్పుకోండి."

చెప్పి, ఆగి ఉన్న ఆటో వైపు నడిచింది. వెనక నుంచి పిలుస్తాడేమో అనుకుంది. పిలవలేదు.

ఆ వారమంతా ఇంట్లో మాటల్లేవు. సువార్తమ్మ ఏం జరిగిందో తెలియక, ఇద్దరికీ దిష్టి తగిలిందని ప్రార్థించిన నూనె తెచ్చి నుదుట రాసింది. మంగళవారం నిరోష బస్టాండుకి ఒంటరిగానే వచ్చింది. కండక్టరు రైట్ రైట్ అంటుండగా ఆనంద్ బాబు ఇస్త్రీ చొక్కాతో పరిగెత్తుకుంటూ వచ్చి వెనక మెట్టు పట్టుకున్నాడు. వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. సత్తెనపల్లిలో బస్సు ఆగినప్పుడు ఆమె అతని చొక్కా కొస గట్టిగా పట్టుకుంది. ఎందుకని అడిగితే, టీ తాగాలనిపిస్తుందేమోనని అంది.

హాల్లో అతను స్తంభం వెనక సీటు వెతుక్కున్నాడు. నర్సు గుమ్మంలోకి వచ్చి పిలిచింది.

"నిరోష. భర్త ఆనంద్ బాబు."

హాలంతా తమ వైపే తిరిగినట్టనిపించింది నిరోషకు. అతను లేవలేదు. నర్సు రెండోసారి పిలిచింది. అప్పుడు అతను లేచి, బట్టీ హోరులో కూలీలను కేకేసే గొంతుతో, "వచ్చాం" అన్నాడు. అంత గట్టిగా వస్తుందని తనకే తెలిసినట్టు లేదు. ముందు వరసలో ఎవరో నవ్వారు, అతనూ నవ్వాడు. లోపలికి నడిచేటప్పుడు ఇన్నాళ్ళలో మొదటిసారి ఆ ఫైలు అతని సంకలో ఉంది.

పరీక్షలో తేలింది, లోటు అతనిదే. వీర్యకణాలు తక్కువగా ఉన్నాయి. ఏం పని చేస్తావని డాక్టరమ్మ అడిగింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సున్నపు బట్టీ మూతి దగ్గరని చెబితే, పొయ్యి పక్కన పెరుగు తోడు పెడితే ఎట్టా తోడుకుంటుందయ్యా అంది. ఇది తీరని లోటేం కాదని, ముందు ఆ సెగ నుంచి తప్పుకోమని, మూడు నెలలు మాత్రలు వాడి మళ్ళీ రమ్మని పంపింది.

ఇంటికొచ్చి ఆనంద్ బాబే తల్లికి చెప్పాడు. మా వాడికా, అని ఒక్క మాట అని సువార్తమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. తర్వాత లేచి, కోడలి దగ్గరికి పోయి ఆమె పొట్ట మీద చెయ్యి వేసి, "ఇన్ని సూదులు పొడిపించానే తల్లీ" అంది. మర్నాటి నుంచి ఆమె కాపలా అంతా కొడుకు మీదికి మళ్ళింది. యజమానిని తానే అడిగి కొడుకును లారీలు తూచే కాటా గదిలోకి మార్పించింది. పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ, సాయంత్రం బార్లీ నీళ్ళు. "బట్టీ వంక చూసినా ఊరుకోను. రోడ్డు వైపు తిరిగి కూర్చో" అని ఫోన్లో కూడా గద్దించేది. అతను విసుక్కుంటే నిరోష మిషను మీద వంగి నవ్వుకునేది.

మూడు నెలలు పోయాక డాక్టరమ్మ కొత్త రిపోర్టు చూసి, ఇప్పుడు బండి కడదాం, ఈ నెల నుంచి ఇద్దరికీ మందులు మొదలు అంది.

ఆ ఆదివారం పాస్టరుగారు ఎప్పటిలాగే మనవులు చదువుతూ, గొంతు తగ్గించి, "గర్భఫలం కోసం కనిపెడుతున్న ఒక సహోదరి..." అన్నారు. తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి. నిరోష లేచి నిలబడింది. సువార్తమ్మ కోడలి చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగింది, కూర్చోవే అని.

"ఆ సహోదరిని నేనే అయ్యగారూ. ఇకనుంచి పేరు పెట్టి చదవండి."

శుభవార్తేమోనని నాలుగైదు గొంతులు స్తోత్రం అన్నాయి. చర్చిలో ఎవరైనా సాక్ష్యం చెప్పడానికి లేచేది కోరిన మేలు జరిగాక కదా. నిరోష తల అడ్డంగా ఊపింది. ఇంకా ఏమీ జరగలేదని, రేపేం జరుగుతుందో దేవుడికే ఎరుకని, అయినా తను ఈవేళే కృతజ్ఞత చెప్పుకోవాలనుకుంటున్నానని అంది. ఇన్నేళ్ళూ పరదా వెనక ఒక్కదాన్నే మోశాను, ఇప్పుడు ఒక్కదాన్ని కాదు, నాకు జరిగిన మేలు అదే అంది.

మగవాళ్ళ వైపు కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆనంద్ బాబు లేచాడు.

"నా పేరు కూడా చదవండి అయ్యగారూ. లోటు నాదే. నేను దాచబట్టి ఆమె మాట పడింది."

అందరి తలలూ కిటికీ వదిలేసి వాళ్ళిద్దరి వైపు తిరిగాయి. నిరోష కొంగు తల మీంచి జారి భుజం మీద పడింది. ఆమె సర్దుకోలేదు. సువార్తమ్మ పట్టుకున్న కుచ్చెళ్ళు వదిలి, మోకాలు మీద చెయ్యి ఆనించి మెల్లగా తానూ లేచింది. కోడలి పక్కన అట్లా నిలబడింది, అంతే.

పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అప్పుడు గొంతు తగ్గించకుండా చదివారు, "ఆనంద్ బాబు, నిరోష దంపతుల కొరకు."

మంగళవారం తెల్లవారి గురజాల బస్టాండులో గుంటూరు బస్సు కోసం నిరోష వాళ్ళు వచ్చేసరికి, టీ కొట్టు దగ్గర చర్చిలో కిటికీ వంక చూసే వాళ్ళలో ఇద్దరు తమ తమ మొగుళ్ళతో నిలబడి ఉన్నారు. ఆడవాళ్ళు నిరోషను చూసి చెయ్యి ఊపారు. మగవాళ్ళు ఒకడు ఆకాశం వంక, ఒకడు బస్సు బోర్డు వంక చూస్తున్నారు. కుల్సుం కొట్టు షట్టర్ ఎత్తుతూ ఈ జంటలన్నిటినీ చూసి, సత్తెనపల్లిలో జాగ్రత్తమ్మా అని కేకేసింది.

బస్సు కదిలాక బోర్డు చూసిన అతను ఆనంద్ బాబు సీటు దగ్గరికి వంగాడు.

"అన్నా, అక్కడ పేరు పెట్టి గట్టిగా పిలుస్తారంట గదా?"

"పిలుస్తారు" అన్నాడు ఆనంద్ బాబు, ఒళ్ళో ఫైలు సర్దుకుంటూ. "నువ్వు అంతకంటే గట్టిగా పలకాలి."