చెల్లెలి పళ్ళ రంగు

మా ఊరికి కృష్ణా నీళ్ళు వచ్చిన సంవత్సరమే మా చెల్లెలు రచన పుట్టింది. అంతకు ఏడేళ్ళ ముందు పుట్టడమే నేను చేసిన నేరం. నల్లగొండ జిల్లాలో మాది ఫ్లోరైడ్ ఊరు. బోరు నీళ్ళు తాగి పెరిగిన నా పళ్ళ మీద కాచు పూసినట్టు గోధుమరంగు మచ్చలు, వాటి మధ్య సుద్దముక్కతో గీసినట్టు తెల్ల గీతలు. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్ళు తాగి పెరిగిన రచన పళ్ళను ఊరంతా మల్లెమొగ్గలనేది. ఒకే అమ్మ, ఒకే ఇల్లు, ఒకే పళ్ళపొడి. తేడా అంతా వీధి చివరి నల్లాది.

నా ఈడు పిల్లలందరివీ అవే పళ్ళు కనుక చాన్నాళ్ళు నాకేమీ అనిపించలేదు. చెల్లెలికి పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాక మొదలైంది కడుపుమంట. అప్పటినుంచే నవ్వొస్తే నా కుడిచెయ్యి దానంతటదే లేచి నోటికి అడ్డం పడడం అలవాటైంది. ఒకరోజు రచన కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎనిమిదేళ్ళుంటాయి దానికి. నన్ను వెక్కిరిస్తోందనుకుని చెంప పగలగొట్టాను. అది ఏడవలేదు. అక్క నవ్వినట్టు నవ్వాను, అంతేగదా, అంది. నేను నమ్మలేదు.

అశోక్‌నగర్ హాస్టల్లో అయిదేళ్ళు చదివి పోయిన ఏడాది ఉద్యోగం కొట్టాను. బషీర్‌బాగ్‌లోని ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. రచన నేను చదివిన కోచింగ్ సెంటర్‌లోనే చేరి, నా గదిలోనే ఉంటోంది. రెండు పరీక్షలు కొద్దిలో తప్పాయి. నాయిన ఫోన్ చేసినప్పుడల్లా దానికి ఒకటే మాట, అక్కను చూసి నేర్చుకొమ్మని. ఫోన్ స్పీకర్‌లో ఉంటే ఆ మాట నాకూ వినపడేది. అబద్ధమెందుకు, వినడానికి హాయిగా ఉండేది.

ఆ హాయి ఫ్లెక్సీతో పోయింది. కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు కోచింగ్ సెంటర్ మురళీకృష్ణ సార్, ఉద్యోగాలు వచ్చినవాళ్ళ ఫొటోలడిగాడు. నేను పెదవులు బిగించుకుని దిగిన పాస్‌పోర్టు ఫొటో ఇచ్చాను. సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టిన రోజు చూద్దును కదా, నట్టనడుమ నిలువెత్తున రచన. పుస్తకాలు గుండెకు హత్తుకుని పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. కింది వరుసలో అయిదో దాన్ని నేను, పోస్టల్ స్టాంపంత. సార్‌ను అడిగితే, నవ్వుమొహం ఉంటే అడ్మిషన్లు వస్తాయని నిదానంగా చెప్పాడు. రాత్రింబవళ్ళు చదివి ఉద్యోగం కొట్టింది నేను, ఫ్లెక్సీకెక్కింది అది. వారం రోజులు ఆ సందు మానేసి చుట్టూ తిరిగి గదికి వెళ్ళాను. ఎనిమిదో రోజు నారాయణగూడలో పళ్ళ డాక్టర్‌ను కలిశాను.

డాక్టర్ భానుప్రకాశ్ నెమ్మది మనిషి. తెల్లబరిచే జెల్ నాకు పనికిరాదన్నాడు. మచ్చ చుట్టూ ఉన్నది కూడా తెల్లబడి మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుందట. పైపొరను మందుతో రుద్ది తీయొచ్చు, కానీ నాలాంటి లోతు మచ్చలు సగమే పోతాయి. ఇక మూడోది, పన్ను ముందువైపు కాస్త అరగదీసి గోరంత పలచని పింగాణీ రేకు అతికించడం. ఒకసారి అరగదీస్తే మళ్ళీ పాత పన్ను రాదు, ముందు రుద్ది చూద్దామన్నాడు. పాత పన్ను ఎవరికి కావాలి? పై వరుసలో ఎనిమిదింటికీ రేకులే వేయమన్నాను. రంగు ఎంచుకోవడానికి శనివారం రమ్మన్నాడు.

శనివారం, మ్యాచింగ్ సెంటర్‌కు చీర పట్టుకుపోయినట్టు చెల్లెల్ని పట్టుకుపోయాను. ఎందుకో దానికి చెప్పలేదు. డాక్టర్ రంగు సంగతి ఎత్తగానే, మా చెల్లెలి పళ్ళ రంగు కావాలన్నాను. రచన సిగ్గుపడి నవ్వింది. ఆ నవ్వు చూసి నా కళ్ళలో నిప్పులు పోసుకున్నాను, ఎప్పటిలాగే.

డాక్టర్ ఒక పట్టీ తీశాడు. దాని మీద వరుసగా పదహారు నమూనా పళ్ళు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. రచనను కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఒక్కొక్కటే దాని పళ్ళ పక్కన పెట్టి చూశాడు. తెల్ల చివర ఉన్న బీ-వన్ పెట్టాడు, కాదు. దాని తర్వాతది పెట్టాడు, కాదు. అలా వస్తూ వస్తూ వరుస మధ్యలో ఆగాడు.

"ఏ-త్రీ. కొంచెం పసుపుంటది. మన దగ్గర చాలామందివి ఇవేనమ్మా" అన్నాడు.

నేను లేచి వెళ్ళి నా కళ్ళతో చూశాను. నిజమే. బీ-వన్ పక్కన మా మల్లెమొగ్గలు పాత పుస్తకం కాగితంలా ఉన్నాయి. ఇన్నేళ్ళూ నేను కుళ్ళి కుళ్ళి ఏడ్చింది ఈ పసుపు కోసమా? నా పళ్ళ పక్కన చూశాను కనుక అవి తెల్లగా కనపడ్డాయి, అంతే. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మాదైతే పొరుగిల్లు కూడా కాదు, ఒకే గది. మోసపోయినంత కోపం వచ్చింది. ఆ కోపంలోనే నాకు బీ-వన్ వేయమన్నాను.

నా మొహానికి అది మరీ తెలుపవుతుందని, ఎవరైనా ముందు పళ్ళనే చూస్తారని డాక్టర్ చెప్పాడు. చూడనివ్వండి అన్నాను. రిసెప్షన్‌లో కూర్చునే పద్మ నా చీటీ మీద బీ-వన్ అని రాసుకుని, అరగదీయడానికి సోమవారం రమ్మంది. నేను వెనక్కి తిరిగేసరికి రచన గోడకున్న అద్దంలో పెదవి పైకెత్తి చూసుకుంటోంది. నన్ను చూసి గబుక్కున దించేసింది.

నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా నడిచాం. వసపిట్టలా వాగే పిల్ల తల వంచుకునే నడిచింది. లైబ్రరీ దగ్గర పీరయ్య బజ్జీల బండి ముందు ఆగి, ఏమైంది అని రెట్టించి అడిగాను. చేతిలో బజ్జీ ప్లేటు చూస్తూ చెప్పింది.

"నౌకరి నీకే వచ్చె. నాయిన ఫోన్ చేస్తే నీ మాటనే. నాకు ఉన్నయి గీ పండ్లే గదక్కా. ఇగ అవిటిల గూడ నీకంటే తక్కువనే ఉండాల్నా?"

నాకు సంతోషమేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, ఏసింది. నన్ను చూసి ఒకరు కుళ్ళుకుంటే ఎంత బాగుంటుందో నాకు ఇరవైతొమ్మిదేళ్ళకు తెలిసింది. ఇన్నాళ్ళూ అది ఈ హాయిని అనుభవించిందా అని దాని మీద మళ్ళీ అసూయ కూడా పుట్టింది. వేడివేడి బజ్జీ కొరికాను. ఆ సాయంత్రం దాని రుచే వేరు.

పీరయ్య ఇదేమీ పట్టని మనిషి. రోజూ రచనతో పరాచికాలాడుతుంటాడు. మూకుడులోంచి బజ్జీలు తీస్తూ, "ఫ్లెక్సీ మేడం, మీ ఫొటో చూసి మా గిరాకీ పెరిగింది, మీకు జర ఉల్లిగడ్డ ఎక్కువేస్త" అన్నాడు. పక్కన నిలబడి తింటున్న పిల్లలంతా నవ్వారు. రచనకూ నవ్వాగలేదు.

దాని కుడిచెయ్యి లేచింది. అరచెయ్యి కొంచెం వంచి, బొటనవేలు దవడకు ఆనించి, నాలుగు వేళ్ళు పెదవులకు అడ్డం పెట్టి నవ్వింది. ఆ చెయ్యి నాకు తెలుసు. ఏ వేలు ఎక్కడుండాలో, నవ్వు ఆగాక ఎంతసేపుంచి దించాలో అన్నీ తెలుసు. ఆనాడు ఎనిమిదేళ్ళప్పుడు దాచుకోవడానికి దాని నోట్లో ఏమీ లేదు. ఊరికే నాలా నవ్వింది, నేను కొట్టాను. ఇప్పుడు దాచుకోవడానికి దానికి ఒకటి దొరికింది, అదీ నా చేతుల మీదుగా.

నోట్లో బజ్జీ చేదెక్కింది. ప్లేటు బండి మీద పెట్టి క్లినిక్‌కు ఫోన్ చేశాను. పద్మ ఎత్తింది. పేరు నవనీత అని చెప్పి, చీటీలో బీ-వన్ కొట్టేసి ఏ-త్రీ రాయమన్నాను. అంత డబ్బు పోసి పసుపు వేయించుకుంటారా అని ఆమె రెండుసార్లు అడిగింది. మా చెల్లెలి రంగే కావాలని మొదటే చెప్పాను కదా అన్నాను.

ఫోన్ పెట్టేశాక రచన నా మొహంలోకి చూసింది. "ఎందుకక్కా? బీ-వన్ మంచిగుండె గద నీకు" అంది. పైకి అలా అన్నా, దాని కళ్ళలో తేలిక నాకు కనపడకపోలేదు. కొంచెం మండింది కూడా.

"నేను బీ-వన్ పెట్టించుకుంటే నువ్వు నాలెక్క నవ్వుతవ్" అన్నాను.

"నీలెక్క అంటే ఎట్ల?" అంది.

ఆ మాట అరచెయ్యి వెనకనుంచే వచ్చింది. నేను దాని మణికట్టు పట్టుకుని చెయ్యి కిందికి దించాను.